మోంటెవెర్డిని ఔత్సాహికులు పాడవచ్చా?

క్లౌడియో మోంటెవెర్డి 1610లో వెనిస్‌లో అచ్చువేయించిన ‘వెస్పర్స్’ దాదాపు గంటన్నర సాగే సంగీతం. కన్య మరియ పండుగల నాటి సాయంకాల ప్రార్థన కోసం కూర్చిన ఈ కృతిలో ఆరు నుంచి పది భాగాల దాకా బృందగానాలున్నాయి. ఆరితేరిన గొంతులకే లొంగే ఏకగానాలున్నాయి. ఇవాళ్టి ఆర్కెస్ట్రాల్లో కనిపించని వాద్యాలు కూడా ఉన్నాయి. అయినా పగలంతా బడిలోనో, ఆఫీసులోనో, ఆస్పత్రిలోనో పనిచేసుకుని, వారానికొక సాయంత్రం కలిసి పాడుకునే యూరప్, అమెరికా బృందాలు దీన్ని పదే పదే తలకెత్తుకుంటున్నాయి. వాళ్లు చేస్తున్నది తగిన పనేనా? అయితే ఏ షరతుల మీద? పరిశోధకుల వాదాలను, అచ్చుప్రతి చెప్పే సంగతులను, రిహార్సల్ గదిలో ఎదురయ్యే వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. తర్వాతి శతాబ్దాల పెద్ద కృతులు చాలావాటి కంటే ఈ తొలి బరోక్ రచన ఔత్సాహికులకు బాగా సరిపోతుంది. అయితే ఎవరి శక్తికి తగిన పని వాళ్లకు పంచాలి. ఆ పంపకం మొదటి రిహార్సల్ కంటే ముందే జరిగిపోవాలి.

కష్టం ఎక్కడుంది, ఎక్కడ లేదు

మోంటెవెర్డి 1567లో క్రెమోనాలో పుట్టాడు. ఈ పుస్తకం వేసేనాటికి మాంటువాలో గొంజాగా ప్రభువుల కొలువులో ఉన్నాడు. 1607లో ‘ఓర్ఫెయో’ ఒపెరాతో పేరు తెచ్చుకున్నాడు. అదే ఏడాది భార్యను పోగొట్టుకున్నాడు. కొలువులో తన శ్రమకు తగిన ప్రతిఫలం దక్కడం లేదన్న బాధ కూడా ఉంది. ఈ పుస్తకాన్ని పోప్ అయిదో పాల్‌కు అంకితమిచ్చాడు. ఇందులో పాత పద్ధతిలో రాసిన ఆరు గొంతుల మాస్ (ఆరాధనా సంగీతం) ఒకటి, దాని పక్కనే కొత్త పద్ధతులన్నీ గుమ్మరించిన వెస్పర్స్. తనకు ఏమేం వచ్చో లోకానికి చూపించడానికి వేసిన పుస్తకమని చాలామంది పరిశోధకులు అభిప్రాయపడ్డారు. మూడేళ్ల తర్వాత, 1613లో, వెనిస్ సెయింట్ మార్క్స్ చర్చిలో సంగీతాధిపతి పదవి దక్కింది.

ఈ కృతిలో అంత వైవిధ్యం ఎందుకుందో ఇక్కడ అర్థమవుతుంది. మొదట ఒక ఆవాహన. తర్వాత అయిదు కీర్తనలు: తెలుగు బైబిల్ లెక్కలో 110, 113, 122, 127, ఆపైన 147వ కీర్తన చివరి భాగం. వాటి నడుమ కొద్ది గొంతులకు రాసిన మోటెట్లు అనే భక్తిగీతాలు. వాటి తర్వాత ఒక వాద్య సొనాటా, ‘ఆవే మారిస్ స్టెల్లా’ స్తోత్రం, చివరికి మాగ్నిఫికాత్ అనే మరియ స్తుతిగీతం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి ‘కష్టమైన కృతి’ అనడం సరికాదు.

ఆరంభాన్నే చూడండి. ‘ఓర్ఫెయో’ తొలి వాద్యఘోషను మోంటెవెర్డి ఇక్కడ మళ్లీ వాడుకున్నాడు. వాద్యాలు ఉరుకులు పెడుతుంటే, గాయకులు దాదాపు చివరి అల్లెలూయా దాకా ఒకే ఒక స్వరమేళనం మీద నిలబడి మాటలు పలుకుతారు. హాలు దద్దరిల్లే ఆ ఘట్టం గాయకుల వరకు పుస్తకంలోకెల్లా సులువైనది. సొనాటాలోనూ అంతే. ఎనిమిది వాద్యాలు క్లిష్టమైన అల్లికలు అల్లుతుంటే, పైన సొప్రానోలు ‘పరిశుద్ధ మరియా, మా కోసం ప్రార్థించు’ అన్న చిన్న లాటిన్ వేడుకోలును పదకొండుసార్లు పాడతారు. పట్టణంలోని పిల్లల బృందం కొద్ది వారాల్లో నేర్చుకోగల వరుస అది. ఇక మూడు టెనర్ గొంతులకు రాసిన ‘దువో సెరఫిమ్’ దగ్గరకు వస్తే, గొంతులోనే స్వరాన్ని చకచకా కొట్టే ఆనాటి ఇటాలియన్ అలంకారాలు ఏళ్ల తరబడి సాధన ఉన్నవాళ్లకు కూడా పరీక్షే. ఒకే పుస్తకంలో ఈ రెండు కొసలూ ఉన్నాయి. ఔత్సాహిక బృందం ఆలోచన ఇక్కడి నుంచే మొదలుకావాలి.

తిరిగి బతికించింది ఎవరు

పాత సంగీతం పునరుద్ధరణలో ఔత్సాహికుల పాత్ర చిన్నది కాదు. 1829 మార్చి 11న బెర్లిన్‌లో మెండెల్సన్ నడిపించిన బాఖ్ ‘మత్తయి పాషన్’ను పాడింది సింగకడెమీ. అది జీతగాళ్ల బృందం కాదు, సంగీతం మీద ప్రేమతో కూడిన పట్టణవాసుల సంఘం. వెస్పర్స్ చరిత్రలోనూ ఇలాంటి ఘట్టాలున్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో ఇటాలియన్ స్వరకర్త మలిపియెరో సంపాదకత్వంలో మోంటెవెర్డి సమగ్ర రచనలు వెలువడ్డాక ఈ కృతి మీద ఆసక్తి పెరిగింది. పనిచేసుకునే పెద్దవాళ్లకు సాయంత్రం చదువులు చెప్పే లండన్ మోర్లీ కాలేజీలో స్వరకర్త మైకేల్ టిప్పెట్ సంగీత విభాగం నడుపుతున్న రోజుల్లో, 1946లో, ఆ కాలేజీ గాయకులు వాల్టర్ గోయర్ నాయకత్వంలో వెస్పర్స్ పాడారు. 1964 మార్చి 5న కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ చాపెల్‌లో జాన్ ఎలియట్ గార్డినర్ దీన్ని నడిపించేటప్పటికి ఆయన ఇంకా విద్యార్థే. ఆ ఒక్క కచేరీ కోసం పోగుచేసిన బృందమే తర్వాత ప్రపంచమంతా ఎరిగిన మోంటెవెర్డి కాయిర్ అయింది.

ఇవాళ మన చెవుల్లో నిలిచిపోయినవి మాత్రం ఆ తర్వాత వచ్చిన వృత్తి కళాకారుల రికార్డింగులు. ఔత్సాహిక బృందాలకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. రికార్డింగును నమూనాగా పెట్టుకుని, తమ దగ్గర లేని గొంతులను, వాద్యాలను తలుచుకుని దిగులుపడతారు. నమూనా కోసం చూడాల్సింది 1610 అచ్చుప్రతి వైపు, దాని చుట్టూ ఉన్న కాలం వైపు.

అచ్చుప్రతి ఇచ్చిన వెసులుబాటు

ఇవాళ్టిలా అన్ని భాగాలూ ఒకే చోట కనిపించే స్కోరుగా ఈ కృతి అచ్చు కాలేదు. గొంతులకూ వాద్యాలకూ ఏడు విడి పుస్తకాలు, ఆర్గన్ వాయించేవారికి ఒక పుస్తకం, మొత్తం ఎనిమిది. మొదటి కీర్తన మీద మోంటెవెర్డే ఒక సూచన రాశాడు: నడుమ వచ్చే వాద్య ఖండికలను ఇష్టమైతే వాయించవచ్చు, లేదా వదిలేయవచ్చు. మాగ్నిఫికాత్ రెండు ఇచ్చాడు. ఒకటి ఏడు గొంతులకు, వాద్యాల ఆర్భాటంతో. రెండోది ఆరు గొంతులకు, ఆర్గన్ తోడుతో మాత్రమే. రెండో కీర్తనకు కూడా తోడు ఆర్గన్ ఒక్కటే. చేతిలో ఉన్న వనరులను బట్టి ఎంచుకోమని కర్తే రెండు దారులు చూపాడు.

ఇది మోంటెవెర్డి ఒక్కడి పద్ధతి కాదు. లొడొవికో వియదానా 1602లో కొద్ది గొంతులకు, ఆర్గన్ బాస్‌కు మోటెట్లు అచ్చువేసి, తక్కువమంది గాయకులున్న చర్చిల్లో పెద్ద కృతుల భాగాలు వదిలేసి పాడితే సంగీతం చెడిపోతోందనీ, ఆ కొరత తీర్చడానికే వీటిని రాశాననీ ముందుమాటలో చెప్పాడు. ఆయనే 1612లో నాలుగు బృందాల కీర్తనలు వేసినప్పుడు, మొదటి బృందంలో మంచి గాయకులు అయిదుగురు ఉండాలనీ, ‘కపెల్లా’ అనే నిండు బృందంలో కనీసం పదహారు మంది ఉండాలనీ, వాద్యాలతో కలిసి ఇరవై, ముప్ఫై అయితే ఇంకా మేలనీ వివరించాడు. వెనిస్‌లో చదువుకుని వచ్చిన జర్మన్ స్వరకర్త హైన్రిష్ ష్యూట్స్ 1619 నాటి ‘దావీదు కీర్తనలు’లో నేర్పరుల చిన్న బృందాన్నీ, ధ్వని నిండుదనం కోసం చేర్చుకునే పెద్ద బృందాన్నీ వేరుచేసి చూపాడు. ముప్ఫై ఏళ్ల యుద్ధం గాయకబృందాలను చెల్లాచెదురు చేసినప్పుడు అదే ష్యూట్స్ 1636లో, 1639లో ఒకటి నుంచి అయిదు గొంతులకే ‘చిన్న పవిత్ర కచేరీలు’ రాసి అచ్చువేశాడు.

మన నగరాల చర్చి కాయిర్లలో క్రిస్మస్‌కు హాండెల్ ‘హల్లెలూయా’ పాడినవారికి ఈ వెసులుబాటుకూ తర్వాతి పద్ధతికీ ఉన్న తేడా వెంటనే తెలుస్తుంది. 1741 నాటి ‘మెసయ్య’లో నాలుగు భాగాల కోరస్ ఎవరిదో, ఆర్కెస్ట్రా ఏదో, ఏకగానం ఎవరు పాడాలో దాదాపు స్థిరపడి ఉన్నాయి. అంతకు 131 ఏళ్ల ముందు, మోంటెవెర్డి నాటికి, ఆ గీతలు ఇంకా పడలేదు. కోరస్ ఎక్కడ ఆగి ఏకగానం ఎక్కడ మొదలవుతుందో వెస్పర్స్ కీర్తనల్లో చాలాచోట్ల రాసిలేదు. తేల్చుకోవాల్సింది పాడేవాళ్లే.

ఎంతమంది పాడాలి

ఈ ప్రశ్న మీద పరిశోధకుల్లో గట్టి వాదం నడిచింది. ఒక్కో భాగానికి ఒక్కో గాయకుడే ఆనాటి మామూలు పద్ధతి అన్నది కండక్టర్ ఆండ్రూ పారట్ పక్షం. ఆయన 1984 రికార్డింగ్ ఆ దృష్టితోనే ఈ సంగీతాన్ని కొత్తగా వినిపించింది. మోంటెవెర్డి తర్వాత పనిచేసిన సెయింట్ మార్క్స్‌లో ముప్ఫై మంది దాకా గాయకులు ఉండేవారన్నది ఇంకో వైపు సాక్ష్యం. అయితే వాళ్లంతా ప్రతి కృతినీ ఒకేసారి పాడేవారని దానికి అర్థం కాదు. జెఫ్రీ కర్ట్జ్‌మన్ 1999లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించిన పెద్ద గ్రంథంలో ఈ సాక్ష్యాలన్నిటినీ ఓపిగ్గా పరిశీలించాడు. అది చదివాక, ఒకే ఒక్క సరైన సంఖ్య ఉందన్న పట్టుదల ఎవరికీ మిగలదు.

ఒక్కొక్కరే ఒక్కో భాగం పాడాలన్న నియమం ఔత్సాహికుల మీద పెడితే చాలామంది ఇంటికి వెళ్లాల్సిందే. వియదానా, ష్యూట్స్ చెప్పిన రెండంచెల పద్ధతి వాళ్లను నిలబెడుతుంది. మొదటి కీర్తనలో జంట గొంతులు గమకాల్లాంటి పరుగులు తీసే వచనాలను నేర్పరులకు ఇవ్వాలి. అందరూ ఒకే స్వరమేళనం మీద మాటలు పలికే ఘట్టాలు, నిండు అల్లికలు మొత్తం బృందానివి. రెండో కీర్తనలో సొప్రానోల జంట, టెనర్ల జంట పాడే చోట్లా ఇదే పంపకం. ఏడు భాగాల ‘లౌదా జెరూసలేమ్’లో ఒకదాని మీద ఒకటి పడే లయలు మరీ పెద్ద బృందంలో మసకబారతాయి. పది భాగాల ‘నీసి దోమినుస్’కు అటూ ఇటూ సరిపడా జనం కావాలి. ఈ రెండూ కలిపి చూస్తే ముప్ఫై నుంచి నలభై మంది బృందం బాగా కుదురుతుందని నా అంచనా.

టెనర్ల కొరత ఔత్సాహిక బృందాలకు ఎప్పుడూ ఉండేదే. ఇక్కడ కృతి నిర్మాణమే కొంత ఆదుకుంటుంది. కీర్తనలన్నీ చాంట్ అనే పాత చర్చి ప్రార్థనాగానపు వరుసల మీద కట్టినవి. ‘నీసి దోమినుస్’లో రెండు బృందాల టెనర్లూ ఆ చాంట్‌నే పొడవాటి స్వరాలతో మోస్తారు. కింది స్థాయి పలికే ఆడగొంతులను ఆ వరుసకు చేర్చితే బలం పెరుగుతుంది, కష్టం పెరగదు.

ఏకగానాలు: తీసేయాలా, తెప్పించాలా

1961లో డెనిస్ స్టీవెన్స్ తన సంపాదక ప్రతిలో మోటెట్లను వదిలేశాడు. అవి ప్రార్థనా క్రమానికి చెందినవి కావన్నది ఆయన వాదం. 1967లో స్టీఫెన్ బోంటా దీనికి ఎదురువాదం చేశాడు: ప్రతి కీర్తన తర్వాత రావలసిన యాంటిఫన్ అనే చిన్న చాంట్ స్థానంలో ఈ మోటెట్లు నిలిచాయని. ఇవాళ ఎక్కువ ప్రదర్శనలు మోటెట్లతో సహా అచ్చుప్రతి క్రమాన్నే పాటిస్తున్నాయి.

ఔత్సాహికులకు స్టీవెన్స్ దారి ఆకర్షణీయంగా ఉంటుంది. మోటెట్లు తీసేస్తే పెద్ద బరువు దిగిపోతుంది. నేను మాత్రం దాన్ని సమర్థించలేను. నిండు బృందం తర్వాత ఒక్క టెనర్ ‘నిగ్రా సుమ్’ ఎత్తుకుంటే వినేవారి చెవి ఒక్కసారిగా దగ్గరకు జరుగుతుంది. ఆ తేడా లేకపోతే అయిదు కీర్తనలు వరుసగా మోగి బరువెక్కుతాయి. బృందం దగ్గర డబ్బు కొద్దిగానే ఉంటే, దాన్ని ఖర్చుపెట్టాల్సిన మొదటి చోటు టెనర్లు. ముగ్గురు మంచి టెనర్లు దొరికితే ‘నిగ్రా సుమ్’, ‘దువో సెరఫిమ్’, ప్రతిధ్వనితో సాగే ‘ఔది చెలుమ్’ మూడూ నిలబడతాయి. ఇద్దరు సొప్రానోల ‘పుల్క్రా ఎస్’కు బృందంలోనే తగినవాళ్లు దొరికే అవకాశం ఎక్కువ. ‘దువో సెరఫిమ్’ ఎలాగూ కుదరకపోతే ఆ ఒక్క చోట చాంట్ యాంటిఫన్ పాడడం చరిత్రకు విరుద్ధం కాదు. వచ్చీరాని అలంకారాలతో దాన్ని లాక్కురావడం కంటే అది వెయ్యి రెట్లు నయం.

వాద్యాలు

కార్నెట్టో అంటే ఇవాళ్టి బ్యాండులోని కార్నెట్ కాదు. ఒంపు తిరిగిన చెక్క గొట్టానికి తోలు చుట్టి, వేళ్లకు రంధ్రాలు చేసి, ట్రంపెట్ లాగా చిన్న మూతి అమర్చిన వాద్యం. మనిషి గొంతుకు ఇంత దగ్గరగా వచ్చేది మరొకటి లేదని ఆనాటివారు మెచ్చుకునేవారు. నేర్చుకోవడం చాలా కష్టం. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ మాంక్ రెజిన్‌తో చవగ్గా కార్నెట్టోలు తయారుచేశాక ఔత్సాహికుల్లో కూడా దీన్ని పట్టినవాళ్లు పెరిగారు. అయినా మూడు కార్నెట్టోలు ఒకే ఊళ్లో దొరకడం అరుదు.

ప్రత్యామ్నాయం ఏమిటి? ఆ కాలపు అచ్చుల్లో ‘వయొలిన్ లేదా కార్నెట్టో’ అన్న సూచన మామూలుగా కనిపిస్తుంది. అందుకే వయొలిన్ మొదటి ఎంపిక. రికార్డర్ అనే పిల్లనగ్రోవి, ఓబో తర్వాతివి. ఆధునిక ట్రంపెట్ గొంతులను కప్పేస్తుంది కాబట్టి దాన్ని దూరం పెట్టడమే మంచిది. ఆనాటి ట్రాంబోన్ సన్నటి గొట్టంతో, చిన్న నోటితో మెత్తగా పలికేది. ఇవాళ్టి ట్రాంబోన్ వాద్యకారులు గాయకులను వింటూ తగ్గించి వాయిస్తే సరిపోతుంది. ‘ఆవే మారిస్ స్టెల్లా’లో చరణాల మధ్య వచ్చే అయిదు భాగాల ఖండికలకు ఏ వాద్యమో మోంటెవెర్డి రాయలేదు. ఊళ్లో రికార్డర్ బృందం ఉందా, వయోల్ వాయించే అయిదుగురున్నారా, వాళ్లకు ఒక్కో ఖండిక ఇవ్వవచ్చు. ఔత్సాహిక వాద్యకారులకు ఇంతకంటే మంచి చోటు పుస్తకంలో లేదు.

పెద్ద మాగ్నిఫికాత్‌లో కార్నెట్టోలు, వయొలిన్లు ఒకదానికొకటి ప్రతిధ్వనించే ఘట్టం మాత్రం నిపుణులకే. వాళ్లు లేనప్పుడు ఆరు గొంతుల మాగ్నిఫికాత్ ఎంచుకోవడం తక్కువతనం ఏమీ కాదు. అదీ మోంటెవెర్డి రాసిందే. ఇక ఆర్గన్ విషయంలో రాజీ పడకూడదు. మొత్తం సంగీతానికి వెన్నెముక అదే. అసలైన చిన్న ఆర్గన్ లేనప్పుడు డిజిటల్ వాద్యాన్ని మీన్‌టోన్ పద్ధతిలో శ్రుతి చేసుకోవాలి. ఇవాళ్టి పియానో శ్రుతిలో పెద్ద గాంధారం 400 సెంట్లు (సెంట్ అంటే అరస్వరంలో నూరో వంతు). క్వార్టర్ కామా మీన్‌టోన్‌లో అది సహజమైన 386 సెంట్ల దగ్గర ఉంటుంది. ఆ 14 సెంట్ల తేడాతో బృందం పాడే స్వరమేళనాలు కుదురుగా నిలుస్తాయి.

శ్రుతి మీద తగువు

‘లౌదా జెరూసలేమ్’, రెండు మాగ్నిఫికాత్‌లూ మిగతా వాటి కంటే పై క్లెఫ్‌లలో (గీతల మీద స్వరస్థానాన్ని చూపే గుర్తులలో) రాసి ఉన్నాయి. ఇలా రాసినవాటిని నాలుగు స్వరాల అంతరం దించి పాడడం ఆనాటి ఆచారమనీ, ఆనాటి జర్మన్ సంగీత సిద్ధాంతకర్త ప్రిటోరియస్ లాంటివారి మాటలు దీన్ని బలపరుస్తున్నాయనీ పారట్ 1984లో రాసిన వ్యాసంలో వాదించాడు. దాని మీద ఏళ్ల తరబడి చర్చ నడిచింది. దించితే మాగ్నిఫికాత్ ముగింపులోని మెరుపు పోతుందని కొందరు కండక్టర్లు ఒప్పుకోలేదు. సాక్ష్యాల బలం మాత్రం దించడం వైపే ఉంది.

కర్ణాటక సంగీతం వినేవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు. మన గాయకులు రాసిన స్వరాన్ని తమ గొంతుకు తగిన ఆధార షడ్జమం మీద నిలుపుకుంటారు. కాగితం మీది గుర్తు స్వరాల మధ్య సంబంధాన్ని చెబుతుంది, ధ్వని ఎత్తును కాదు. పదహారో శతాబ్దం గాయకులు క్లెఫ్‌ను చూసిన తీరు దీనికి దగ్గరగానే ఉంది.

ఔత్సాహికులకు దీని ప్రయోజనం నేరుగా గొంతులోనే తెలుస్తుంది. దించకపోతే సొప్రానోలు, టెనర్లు కచేరీ చివర్లో, అలసిన సమయంలో, పై అంచున గొంతు చించుకోవాలి. పూర్తిగా దించితే బాస్ గొంతులు బాగా కిందికి దిగాలి. ఉత్తర ఇటలీలో కార్నెట్టోల శ్రుతి దాదాపు 466 హెర్ట్జ్ దగ్గర ఉండేది, అంటే ఇవాళ్టి 440 హెర్ట్జ్ కంటే అరస్వరం ఎక్కువ. 440లో ఉన్న వాద్యాలతో నాలుగు స్వరాలు దించితే బాస్‌లకు ఆ కాలం కంటే ఇంకో అరస్వరం కిందికి పోయినట్టు. అందుకని మూడు స్వరాలే దించినా ఎవరూ తప్పుపట్టలేరు. ఏ నిర్ణయమైనా సరే, స్వరపత్రాలు కొనకముందే తీసుకోవాలి. రెండు శ్రుతుల్లోనూ అచ్చైన ప్రతులు దొరుకుతున్నాయి.

మాట, లయ, చోటు

రెండు కాలాల నుంచి మూడు కాలాలకు మారేటప్పుడు కచ్చితమైన నిష్పత్తి ఉండాలని రోజర్ బోవర్స్ లాంటి పండితుల పక్షం. సందర్భాన్ని బట్టి సడలించవచ్చన్నది మరో పక్షం. ఔత్సాహికులకు కచ్చితత్వమే మేలు చేస్తుంది. ఒకే తాళం వెన్నంటి ఉంటే మారే ప్రతిచోటా నలభై మంది ఒకేసారి మారగలరు. కండక్టర్ మనసులోని వేగాన్ని ఊహించాల్సిన అవసరం వాళ్లకు ఉండదు.

సాధన మొదలుపెట్టాల్సింది చాంట్ దగ్గర. అయిదు కీర్తనల చాంట్ వరుసలను సొప్రానో నుంచి బాస్ దాకా అందరూ నేర్చుకోవాలి. తర్వాత అల్లికలో ఎవరు తప్పిపోయినా ఆ వరుసను విని మళ్లీ దారి పట్టుకోగలరు. ఆ తర్వాత లాటిన్ మాటలను ఇటాలియన్ ఉచ్చారణతో, స్వరం లేకుండా, కలిసి చదవాలి. మొదటి కీర్తనలో ఒకే స్వరమేళనం మీద పలికే ఘట్టాల్లో తాళం ఉండదు, మాట నడకే తాళం. అక్కడ బృందం కలిసిందా లేదా అన్నది ఎంత పాడారన్న దాని మీద కాదు, ఎంత చదివారన్న దాని మీద ఆధారపడుతుంది. వారానికొకసారి కలిసే బృందానికి మూడు నెలలు, చివర్లో వాద్యాలతో పూర్తిగా ఒక శని, ఆదివారాలు కావాలని నేననుకుంటాను.

ధ్వని మోగే చర్చి దొరికితే మంచిదే. అయితే రెండు బృందాలను హాలు రెండు కొసల్లో నిలబెట్టాలన్న కోరికను అదుపులో పెట్టుకోవాలి. దూరం పెరిగేకొద్దీ ఔత్సాహికుల లయ విడిపోతుంది. కొద్ది ఎడం చాలు, మధ్యలో ఆర్గన్ అందరికీ వినబడాలి. దూరంగా పంపాల్సింది ‘ఔది చెలుమ్’లో ప్రతిధ్వని పాడే గాయకుణ్ణి ఒక్కణ్ణే.

తేలిందేమిటి

పరిశోధన ఔత్సాహికులకు అడ్డంకి కాదన్నది ఈ సమీక్షలో నాకు స్పష్టమైన విషయం. బృందం పరిమాణం, శ్రుతి, మోటెట్లు, వాద్యాల ఎంపిక, ఏది తీసుకున్నా పండితుల తవ్వకం చివరికి ఎంచుకునే స్వేచ్ఛనే పెంచింది. పందొమ్మిదో శతాబ్దం నాటి పెద్ద కోరస్ అలవాటునూ, ఇవాళ్టి రికార్డింగుల మెరుపునూ పక్కన పెడితే, 1610 పుస్తకంలో మంచి గొంతులకు, మామూలు గొంతులకు, పిల్లలకు, రికార్డర్ వాయించే పొరుగువాళ్లకు వేరువేరు చోట్లు సిద్ధంగా ఉన్నాయి. ఇంత మందికి ఇన్ని రకాలుగా చోటిచ్చిన పెద్ద కృతులు పాశ్చాత్య సంగీతంలో ఎక్కువ లేవు. దాన్ని వృత్తి కళాకారులకే వదిలేయడం ఆ రచన స్వభావానికే విరుద్ధం.

అందుకే తలపెట్టిన బృందాలు వెనక్కి తగ్గకూడదని నా కోరిక. టెనర్లు ఎవరు, ఆర్గన్ ఎవరిది, ఏ మాగ్నిఫికాత్, ఏ శ్రుతి అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకుని, ఆ తర్వాతే హాలు బుక్ చేసుకోవాలి.